ఫ్రాన్స్ పల్లెదారుల్లో రోడ్ సైక్లింగ్: పెరిగోర్–కెర్సీ, లుబెరోన్, బర్గండీ, కాంటాల్‌లలో మీకు ఏది సరిపోతుంది?

ఫ్రాన్స్‌లో సైకిల్ తొక్కడం అనగానే ఆల్ప్స్, పిరెనీస్ పేర్లే వినిపిస్తాయి. వారం రోజుల సెలవు పెట్టుకుని, రోజుకు 50–80 కిలోమీటర్లు తొక్కుతూ, మధ్యలో ఒక కోటో మఠమో గుహో తీరిగ్గా చూడాలనుకునేవాళ్లకు ఆ పెద్ద కొండలు అక్కర్లేదు. వాళ్లకు తగినవి మధ్య, దక్షిణ ఫ్రాన్స్ పల్లెలు. చిక్కల్లా అలాంటి ప్రాంతాలు చాలా ఉండటం, ఫొటోల్లో అన్నీ ఒకేలా కనిపించడం. కొండ మీద రాతి ఊరు, కింద వాగు, పక్కన ద్రాక్షతోట. తేడా అక్కడికెళ్లి పెడల్ వేశాకే కాళ్లకు తెలుస్తుంది. టికెట్లు కొనకముందే ఆ తేడా తెలుసుకోవడానికి ఈ పోలిక.

ఇక్కడ నాలుగు ప్రాంతాలు తీసుకున్నాం. నైరుతిలో దోర్దోన్, లోట్ నదుల నడుమ ఉన్న పెరిగోర్–కెర్సీ. ఆగ్నేయంలో ప్రోవాన్స్‌లోని లుబెరోన్, దాని పొరుగున మోన్ వాంతూ కొండ. పారిస్‌కూ లియోన్‌కూ మధ్య బర్గండీ. దేశం నడిబొడ్డున పాత అగ్నిపర్వతాల కాంటాల్.

## ముందు తేల్చుకోవాల్సినవి

ఎక్కుడు ఎంత అనేదానికన్నా ఎలాంటిదన్నది ముఖ్యం. మ్యాప్ యాప్ చూపే మొత్తం ఎత్తును దూరంతో భాగించండి. కిలోమీటరుకు 10 మీటర్ల లోపు వస్తే మామూలు మిట్టపల్లాలు. 10–15 వస్తే కొండదారి. 18 దాటితే రోజంతా ఎక్కుతూనే ఉన్నట్టు. 60 కిలోమీటర్లకు 900 మీటర్లంటే 15 అన్నమాట.

అయితే అదే 900 మీటర్లు ఒక్క పొడవాటి ఘాట్‌గా రావచ్చు, 150 మీటర్ల మిట్టలు ఆరుగా రావచ్చు. మొదటి రకంలో ఒక గేరు పట్టుకుని ఒకే లయలో గంటన్నర తొక్కితే పని అయిపోతుంది. రెండో రకంలో ప్రతి మిట్టా నది ఒడ్డున చల్లబడ్డ కాళ్లతో, 8–10 శాతం వాలుతో మొదలవుతుంది. ఆరోసారి మోకాళ్లు మొరాయిస్తాయి. విశాఖ నుంచి అరకు ఘాట్ ఎక్కినవాళ్లకు మొదటి రకం అలవాటే. హైదరాబాద్ చుట్టుపక్కల తొక్కేవాళ్లు రెండో రకాన్ని కొంత ఎరుగుదురు గానీ, ఇక్కడి మిట్టలు అంతకంటే పొడవు.

గేరు లెక్క. అద్దె రోడ్ సైకిల్‌కు ముందు, పెడల్ దగ్గర, 50, 34 పళ్ల చెయిన్‌రింగులు ఉండటం మామూలు. వెనక క్యాసెట్‌లో (పళ్లచక్రాల గుత్తిలో) పెద్ద చక్రానికి ఎన్ని పళ్లున్నాయో అడిగి తెలుసుకోండి. 34కు 28 ఉంటే ఒక్క తిప్పుకు సైకిల్ 2.55 మీటర్లు పోతుంది. నిమిషానికి 60 తిప్పులంటే గంటకు 9.2 కిలోమీటర్లు. మనిషి, సైకిల్, సామాను కలిపి 85 కిలోలైతే 8 శాతం వాలులో ఆ వేగానికి సుమారు 180 వాట్లు కావాలి. వెనక 34 పళ్లుంటే అదే తిప్పుడుతో గంటకు 7.6 కిలోమీటర్లు, 150 వాట్లు చాలు. వాలు 12 శాతమైతే ఆ 34/34తో కూడా 220 వాట్లు అవుతుంది. ముందు 30 పళ్ల రింగు ఉంటే 190కి దిగుతుంది. వారానికి రెండు మూడుసార్లు తొక్కే మనిషి గంటసేపు 150 వాట్లు లాగగలడు, 220 లాగలేడు. కాబట్టి గేరు సంగతి తేలాకే ప్రాంతం సంగతి.

ట్రాఫిక్. మిషెలిన్ మ్యాపులో ఎర్రరోడ్లు వదిలేయండి. పసుపు రోడ్లు అవసరానికి వాడుకోండి. తెల్లరోడ్లే మనవి. రోడ్డు పక్కన ఆకుపచ్చ గీత ఉంటే అందమైన దారి అని అర్థం. కానీ పసుపు రోడ్డుకు ఆకుపచ్చ గీత ఉందంటే జులై, ఆగస్టుల్లో కార్లూ క్యారవాన్‌లూ అక్కడికే వస్తాయి. రోడ్డు మీద బాణపు గుర్తు ఒకటుంటే 5–9 శాతం వాలు, రెండుంటే 9–13, మూడుంటే 13 పైమాటే. బాణం మొన ఎక్కేవైపు చూపిస్తుంది.

చూసేవి ఎంతసేపు ఆపుతాయి. రోమన్ వంతెనకు పది నిమిషాలు చాలు, సైకిల్ దిగకుండానే చూడొచ్చు. టైమ్ టికెట్ ఉన్న గుహకు రెండు గంటలు పోతాయి, సైకిల్‌కు తాళం వేసి నమ్మకంగా వదిలే చోటు కావాలి. రోజుకు అలాంటివి రెండు పెట్టుకుంటే తొక్కడానికి మిగిలేది 45 కిలోమీటర్లే.

ఇక రైలు, తిండి, వాతావరణం. వాటి గురించి ఎక్కడికక్కడ చెబుతాం.

| | పెరిగోర్–కెర్సీ | లుబెరోన్–వాంతూ | బర్గండీ | కాంటాల్ |
|---|---|---|---|---|
| ఎక్కుడు తీరు | 100–250 మీ. మిట్టలు, పదేపదే | మధ్యస్థం. వాంతూ ఒక్కటే పెద్దది | దక్షిణాన చిన్నవి. మోర్వాన్‌లో అడవి మిట్టలు | పొడవైన ఘాట్లు, చివర్లో నిట్టనిలువు |
| కి.మీ.కు ఎత్తు | 12–15 మీ. | 10–14 మీ. | 0–14 మీ. | 18–20 మీ. |
| ట్రాఫిక్ | దోర్దోన్ ఒడ్డున ఎక్కువ, సెలే లోయలో తక్కువ | వేసవిలో ఎక్కువ | తక్కువ | చాలా తక్కువ. కనుమ దగ్గర వేసవిలో కార్లు |
| చరిత్ర | గుహచిత్రాలు, కోటలు | రోమన్ వంతెన, కొండ ఊళ్లు, మఠం | మఠాలు, గాలిక్–రోమన్ శిథిలాలు | నల్లరాతి ఊళ్లు, రోమనెస్క్ చర్చిలు |
| చేరుకోవడం | బ్రీవ్ మీదుగా, సగం రోజు | అవిన్యోన్‌కు టీజీవీ (హైస్పీడ్ రైలు), సులువు | అన్నిటికంటే సులువు | రైళ్లు మారాలి |
| మంచి నెలలు | మే, జూన్, సెప్టెంబర్ | ఏప్రిల్–జూన్, సెప్టెంబర్–అక్టోబర్ | మే–అక్టోబర్ మొదలు | జూన్ సగం–సెప్టెంబర్ |

## పెరిగోర్–కెర్సీ: చరిత్ర కోసం వెళ్లేవాళ్లకు మొదటి ఎంపిక

ఈ ప్రాంతం పేరు చెప్పగానే అందరూ సర్లా పట్టణంలో గది తీసుకుంటారు. సర్లా అందమైనదే. దాని కింద దోర్దోన్ ఒడ్డున బేనాక్ కోట, అవతలి ఒడ్డున కాస్తెల్‌నో కోట ఎదురెదురుగా నిలబడి ఉంటాయి. నూరేళ్ల యుద్ధంలో ఒకటి ఫ్రెంచి రాజు పక్షాన, మరొకటి చాలాకాలం ఇంగ్లిషువాళ్ల పక్షాన ఉన్నాయి. కొంచెం పైన 1281లో కట్టిన గోడల ఊరు దోమ్. ఇవన్నీ ఒక్కరోజు చుట్టులో వస్తాయి. ఇబ్బందల్లా ఉత్తరపు ఒడ్డున పోయే డి703 రోడ్డు. జులై సగం నుంచి ఆగస్టు 20 దాకా ఆ ఇరుకు రోడ్డు మీద టూరిస్టు కార్లు, పడవలు మోసే వ్యాన్లు ఆగవు. దక్షిణపు ఒడ్డు చిన్నరోడ్లు పట్టుకుంటే చాలావరకు తప్పించుకోవచ్చు. సర్లా నుంచి కజులేస్ వైపు పాత రైలు పట్టా మీద వేసిన సైకిల్ దారి ఉంది. కుటుంబంతో వచ్చినవాళ్లకు అది మేలు.

మా సలహా వేరు. సర్లాలో రెండు రాత్రులు చాలు, మిగిలిన నాలుగూ ఫిజాక్‌లో ఉండండి. ఈజిప్టు లిపి గుట్టు విప్పిన షాంపోలియోన్ 1790లో పుట్టింది ఈ ఊళ్లోనే. ఆయన పేరిట రాతల చరిత్ర మీద మ్యూజియం ఉంది, దాని వెనక చిన్న చౌకులో నేలంతా పరిచిన నల్లరాతి రోజెట్టా శాసనం నకలు మీద నడవొచ్చు. ఊరికి స్టేషన్ ఉంది, సైకిల్ దుకాణం ఉంది. అన్నిటికీ మించి, సెలే లోయ దారి అక్కడే మొదలవుతుంది.

సెలే లోయలో డి41 పట్టుకుని కబ్రెరె దాకా పోవడం ఈ నాలుగు ప్రాంతాల్లోకీ మంచి రోజు అని మా గట్టి నమ్మకం. దాదాపు 50 కిలోమీటర్లు. నది వెంట పోతుంది కాబట్టి పెద్ద ఎక్కుడు లేదు. ఒక పక్క సున్నపురాయి గోడలు, ఇంకో పక్క పొలాలు. దారిలో ఎస్పాన్యాక్ మఠం, మార్సియాక్‌లో సగం కూలిన మఠం వస్తాయి. మార్సియాక్ చర్చి నడిమి భాగానికి కప్పు లేదు, గోడల మధ్య గడ్డి మొలిచి ఉంటుంది, వెనక భాగంలో మాత్రం ఇప్పటికీ ప్రార్థన జరుగుతుంది. కబ్రెరె పైన పెష్ మెర్ల్ గుహ. చుక్కల గుర్రాల బొమ్మలు ఉన్న అసలు గుహలోకే మనల్ని తీసుకెళ్తారు. ఊరి నుంచి గుహకు ఎక్కే రోడ్డు పొట్టిది గానీ బాగా నిటారు. గుహ లోపల ఏడాది పొడవునా సుమారు 12 డిగ్రీలు ఉంటుంది. చెమటతో తడిసిన జెర్సీతో లోపలికెళ్తే పది నిమిషాల్లో వణుకు మొదలవుతుంది. జేబులో గాలి ఆపే పల్చటి జాకెట్, వీలైతే మార్చుకోవడానికి పొడి బనియన్ తప్పనిసరి. పదిరాక్‌కూ ఇదే మాట. అక్కడ 75 మీటర్ల లోతు గొయ్యి దిగి భూగర్భ నదిలో పడవ ఎక్కాలి.

గుహచిత్రాల విషయంలో ఎంపిక తెలిసి చేసుకోండి. లాస్కో అసలు గుహను 1963లోనే మూసేశారు. ఇప్పుడు చూపించేది 2016 డిసెంబరులో తెరిచిన పూర్తి నకలు. చాలా చక్కగా చేశారు, పిల్లలకు ఇదే బాగుంటుంది. వేల ఏళ్ల కిందటి మనిషి చెయ్యి తగిలిన గోడనే చూడాలంటే లెజేజీలోని ఫోన్ ద గోమ్, లేదా పెష్ మెర్ల్. ఫోన్ ద గోమ్‌కు రోజుకు లోపలికి పంపేది కొద్దిమందినే. టికెట్ దొరికాకే ఆ రోజు రూటు గీసుకోవాలి తప్ప, రూటు గీసుకుని టికెట్ వెతికితే పని జరగదు.

కష్టం ఎక్కడంటే, లోయ వదిలి పైకెక్కినప్పుడు. పైన కోస్ అని పిలిచే సున్నపురాయి పీఠభూమి ఉంటుంది. పొట్టి ఓక్ చెట్లు, గొర్రెల మందలు, రాతి గోడలు. వాన నీరంతా రాతి పగుళ్లలోకి ఇంకిపోతుంది కాబట్టి వాగులుండవు, ఊళ్లు దూరదూరం. ఫిజాక్ నుంచి గ్రమా మీదుగా రోకమదూర్‌కు వెళ్లే రోజు రెండు పెద్ద సీసాలు నింపుకోకుండా బయలుదేరకండి. రోకమదూర్ కొండగోడకు అతుక్కున్న పుణ్యక్షేత్రం. కింది వీధి నుంచి గుడులకు 216 మెట్లు. రోడ్ సైకిల్ బూట్ల అడుగున పొడుచుకొచ్చే పెద్ద ప్లాస్టిక్ క్లీట్‌తో (బూటును పెడల్‌కు పట్టించే ముక్క) ఆ నున్నటి రాతి మెట్లు దిగడం ప్రమాదం. ఈ ప్రాంతానికి అడుగులోకి ఒదిగే చిన్న లోహపు క్లీట్ బూట్లే సరి.

తిండి దగ్గర శాకాహారులకు ఇదే అన్నిటికంటే కష్టం. బాతు మాంసం సరే, ఉత్త బంగాళాదుంప వేపుడు కూడా బాతు కొవ్వులో చేస్తారు. మెనూలో ‘సర్లదేజ్’ అన్న మాట పక్కన ఉంటే అదే. వాల్‌నట్లు, రోకమదూర్ మేక చీజ్‌తో సలాడ్ దొరుకుతుంది. వరుసగా వారం రోజులు అదే తినాలంటే కష్టమే. వంటగది ఉన్న జీత్ (సెలవులకు అద్దెకిచ్చే పల్లె ఇల్లు) అద్దెకు తీసుకోవడం తెలివైన పని.

## లుబెరోన్, మోన్ వాంతూ: ఒక రోజు పెద్ద కొండ, మిగతా రోజులు మెత్తగా

కాలవోన్ నది వెంట కవయోన్ వైపు నుంచి ఆప్త్ దాటి పోయే సైకిల్ దారి ఈ ప్రాంతానికి వెన్నెముక. పాత రైలు మార్గం కావడంతో వాలు తెలియదు. దాని పక్కనే లారీలు తిరిగే డి900 ఉంది, అటు మాత్రం పోకండి. ఆ దారి నుంచి కుడికో ఎడమకో తిరిగి 150–300 మీటర్లు ఎక్కితే ఒక్కో కొండ ఊరు: గోర్ద్, ఎర్రమట్టి రుసియోన్, బోనియో, లాకోస్త్, మెనెర్బ్. అలసిపోతే మళ్లీ సమంగా ఉన్న దారిలోకి దిగిపోవచ్చు. ఒకరికి ఓపిక ఎక్కువ, ఒకరికి తక్కువ ఉన్న జంటలకు ఇది పెద్ద సౌకర్యం.

క్రీ.పూ. 3 నాటి పోన్ జూలియాన్ వంతెన మీదుగా 2005 దాకా కార్లు వెళ్లేవి. ఇప్పుడు నడిచేవాళ్లకూ సైకిళ్లకే. మూడు కమానుల ఆ రోమన్ రాతి మీద మీరే తొక్కుకుంటూ దాటొచ్చు. 1148లో మొదలైన సెనాంక్ మఠం గోర్ద్ వెనక గుంటలో ఉంటుంది. దిగడం హాయిగా ఉంటుంది, తిరిగి ఎక్కాల్సిన సంగతి గుర్తుంచుకోండి. దాని ముందు లావెండర్ పూత జూన్ చివర నుంచి జులై సగం దాకా. సరిగ్గా అప్పుడే జనం, అప్పుడే ఎండ. పూత కోసం రావాలా, ప్రశాంతత కోసం రావాలా అన్నది ఇక్కడి అసలు ప్రశ్న. రెండూ కావాలంటే కుదిరే చోటు సో పట్టణం. అక్కడ ఎత్తు ఎక్కువ కాబట్టి పూత ఆలస్యంగా వస్తుంది, లుబెరోన్ అంత రద్దీ ఉండదు.

సో నుంచే మోన్ వాంతూ ఎక్కడం కూడా సులువు. 26 కిలోమీటర్లు. షాలె రేనార్ దాకా దాదాపు 20 కిలోమీటర్లు సగటున 4 శాతం దాటదు. చివరి 6 కిలోమీటర్లు మాత్రం బోడి తెల్లరాళ్ల మధ్య 7–8 శాతం. బెద్వాన్ నుంచి ఎక్కేది వేరే లోకం. 21 కిలోమీటర్లలో దాదాపు 1,600 మీటర్లు, సాన్ ఎస్తేవ్ మలుపు తర్వాత అడవిలో 9–10 శాతం వాలు కిలోమీటర్ల తరబడి తగ్గదు. 34/28 గేరుతో ఇక్కడికి వచ్చినవాళ్లు ఆ అడవిలోనే దిగి నడుస్తుంటారు. శిఖరం 1,909 మీటర్లు. కింద 30 డిగ్రీలున్నా పైన 12 ఉండొచ్చు, పైగా గాలి. మిస్త్రాల్ అనే ఉత్తరగాలి గట్టిగా ఉన్నరోజు వాంతూ పెట్టుకోకండి. దిగేటప్పుడు ఎత్తైన అంచుల కార్బన్ చక్రాలను ఆ గాలి పక్కకు తోసేస్తుంది. మిస్త్రాల్ రోజున లోయలోనే ఉండి, ముందు ఉత్తరానికి ఎదురుగాలిలో వెళ్లి, అలసిన కాళ్లతో తిరిగొచ్చేటప్పుడు గాలి వెనక ఉండేలా చుట్టు వేసుకోండి. లేదంటే నెస్క్ లోయ అంచున విల్లే నుంచి సో దాకా పోయే డి942 ఉంది. మెల్లగా ఎక్కే ఆ రోడ్డు చాలామందికి వాంతూ కంటే ఎక్కువ నచ్చుతుంది.

వేసవిలో ఇంకో రెండు అడ్డంకులు. అడవి మంటల భయం ఎక్కువున్న రోజుల్లో కొండ అడవుల్లోకి రానివ్వరు. మర్నాటి పరిస్థితిని ముందు సాయంత్రమే చూసుకోవాలి. రెండోది టైము. ఎండ తప్పించుకోవాలంటే ఆరున్నరకు బయలుదేరాలి, హోటల్ టిఫిన్ ఎనిమిదికి గానీ మొదలుకాదు. రాత్రే పొట్లం కట్టి ఇమ్మని అడగండి, లేదా ఏడింటికి తెరిచే బేకరీ దారిలో పడేలా చూసుకోండి. బోనియోకూ లూర్మరాన్‌కూ మధ్య రాతిగోడల నడుమ పోయే డి943 ఇరుకు మలుపుల దారి. దాన్ని పొద్దున్నే దాటేయాలి.

మంచి కార్బన్ రోడ్ సైకిల్ అద్దెకు దొరకడం ఇక్కడే సులువు. బెద్వాన్, మలోసేన్, సో మూడు చోట్లా దుకాణాలున్నాయి. రోజుకు 40–60 యూరోల మధ్య ఉంటుంది. వంకాయ, గుమ్మడి జాతి కాయలు, టమాటా, ఆలివ్ నూనె వంటలు కాబట్టి శాకాహారులు నిశ్చింతగా ఉండొచ్చు.

## బర్గండీ: సులువుగా మొదలుపెట్టాలనుకునేవాళ్లకు

ఇక్కడ రెండు వేర్వేరు నేలలున్నాయి. దక్షిణాన క్లూనీ చుట్టూ మాకోనే కొండలు, ఉత్తరాన మోర్వాన్ అడవి.

జివ్రీ నుంచి క్లూనీ దాకా 44 కిలోమీటర్ల పాత రైలుదారిని 1997లో సైకిళ్లకు ఇచ్చారు. ఫ్రాన్స్‌లో ‘వోయ్ వేర్త్’ అనే పచ్చదారుల్లో ఇదే మొదటిది. తర్వాత మాకోన్ వైపు పొడిగించారు. ఆ భాగంలో బ్వా క్లేర్ సొరంగం 1.6 కిలోమీటర్లు. గబ్బిలాల కోసం చలికాలంలో మూసేస్తారు, అప్పుడు కనుమ మీదుగా పోవాలి. ఈ దారిని ఆధారంగా పెట్టుకుని ఎన్ని మిట్టలు కావాలంటే అన్ని కలుపుకోవచ్చు. క్లూనీలో గది తీసుకుని ఒకరోజు కోర్మతాన్ కోట, షపేజ్ చర్చి, బ్రాన్సియోన్ కొండ ఊరు, తూర్ను మఠం చూసి రావచ్చు. ఇంకోరోజు బెర్జే లా వీల్‌లోని చిన్న చాపెల్‌లో గోడచిత్రాలు చూసి 493 మీటర్ల సొల్యూత్రే బండ దాకా పోవచ్చు. కాళ్లు గట్టిగా ఉన్నవాళ్లు మోన్ సాన్ రోమాన్ ఎక్కొచ్చు.

క్లూనీలో చూసేది ఉన్నదాని కంటే లేనిదాన్ని ఊహించుకోవడం. 910లో పెట్టిన ఆ మఠం చర్చి రోమ్‌లో సెయింట్ పీటర్స్ కొత్తగా కట్టేదాకా క్రైస్తవలోకంలో అన్నిటికంటే పెద్దది. విప్లవం తర్వాత రాళ్ల కోసం కూల్చేయగా పదో వంతు లోపే మిగిలింది. టికెట్ తీసుకుని, నమూనా చూసి, అప్పుడు ఒక్కటే మిగిలిన దక్షిణపు రెక్క కింద నిలబడాలి. గంటన్నర కేటాయించండి.

మోర్వాన్ గ్రానైట్ అడవి. వానలెక్కువ, కార్లు తక్కువ, మిట్టలు ఒకదాని వెనక ఒకటి. దాని ఉత్తరపు అంచున వెజ్‌లే. 1146లో మఠాధిపతి బెర్నార్డ్ రెండో క్రూసేడ్‌కు పిలుపునిచ్చింది ఇక్కడే. దక్షిణాన 821 మీటర్ల మోన్ బ్యువ్రే మీద బిబ్రాక్త్, ఎడ్యువి అనే గాల్ తెగ (రోమన్లకు ముందు ఇక్కడుండేవాళ్లు) రాజధాని. క్రీ.పూ. 52లో వెర్సింజెటొరిక్స్‌ను గాల్ తెగలు నాయకుడిగా ఒప్పుకున్నదీ, ఆ చలికాలం సీజర్ గడిపిందీ అక్కడే. పక్కన ఓతన్‌లో రోమన్ నగరద్వారాలు రెండు నిలిచే ఉన్నాయి. తడి రోడ్ల ఇసుకకు డిస్క్ బ్రేకు రెసిన్ ప్యాడ్లు త్వరగా అరిగిపోతాయి. ప్యాడ్ మీద పదార్థం ఒక మిల్లీమీటరు లోపు ఉంటే కొత్త జత వేసుకునే బయలుదేరండి.

రైలు విషయంలో బర్గండీని కొట్టేది లేదు. పారిస్ నుంచి మోన్‌బార్‌కు టీజీవీలో గంట. అక్కడి నుంచి 1118 నాటి ఫోంత్నే మఠం ఆరు కిలోమీటర్లే. రెండు రోజులే ఉన్నవాళ్లు వేరే ఆలోచన పెట్టుకోనక్కర్లేదు.

## కాంటాల్: ఎక్కడమే ఇష్టమైనవాళ్లకు

చూసేవాటి కోసం ఇక్కడికి రాకండి. సలేర్ అనే నల్లరాతి పునరుజ్జీవన కాలపు ఊరు, ఆంజోనీ కోట, సాన్ ఫ్లూర్, దాని దగ్గర ఐఫెల్ సంస్థ 1884లో పూర్తిచేసిన గరబి రైలు వంతెన బాగుంటాయి. అయినా ఒక్కోదానికీ మధ్య దూరం, ఎత్తు రెండూ ఎక్కువ.

నడుమ ఉన్నది పా ద పేరోల్ కనుమ, 1,588 మీటర్లు, మాసిఫ్ సెంట్రాల్‌లో అన్నిటికంటే ఎత్తైన రోడ్డు కనుమ. ఒరియాక్ నుంచి జోర్దాన్ లోయలో మాందాయ్ దాకా మెల్లగా ఎక్కి, అక్కడి నుంచి పైకి పోవడం సుఖమైన పద్ధతి. సలేర్ వైపు నుంచి వస్తే చివరి రెండున్నర కిలోమీటర్లు 11–13 శాతం. పైన చెప్పిన 30/34 లెక్క ఇక్కడ పనికొస్తుంది. నవంబరు నుంచి వసంతం దాకా మంచుతో కనుమ మూసేస్తారు, ఏప్రిల్ సెలవులకు ప్లాన్ చేసుకోవద్దు. వేసవి మధ్యాహ్నాల్లో ఉరుములు మామూలే. ఒంటిగంటలోపు కనుమ దాటేయాలి. లియొరాన్ దగ్గర ఎన్122 సొరంగంలోకి దూరకుండా ఫోన్ ద సేర్ కనుమ మీదుగా పోవాలి. వాతావరణం చెడితే ఒక ఆసరా ఉంది: ఒరియాక్, విక్, లియొరాన్, మ్యురాలను కలిపే టీఈఆర్ ప్రాంతీయ రైలు.

ఇక్కడి త్రుఫాద్ బంగాళాదుంప, చీజ్ వంటకం. తరచూ పంది మాంసపు ముక్కలతో వస్తుంది, వద్దని ముందే చెప్పాలి. కాంటాల్, సలేర్ చీజ్‌లు దూడ పొట్ట నుంచి తీసే రెన్నెట్‌తో పేరబెట్టేవి. ఆ పట్టింపు ఉన్నవాళ్లు గమనించాలి.

## ఎవరికి ఏది

మొదటిసారి వెళ్తూ, చరిత్ర మీద మనసు ఉండి, 60 కిలోమీటర్లు తొక్కగలిగితే కెర్సీ. మే రెండో సగం, లేదా సెప్టెంబర్.

పిల్లలతోనో, రోడ్ సైకిల్ అలవాటు లేని తోడుతోనో వెళ్తే క్లూనీ. సమదారి, మిట్ట రెండూ ఒకే గది నుంచి దొరుకుతాయి. ఎలక్ట్రిక్ సైకిల్ తీసుకుంటే మాత్రం కెర్సీ కూడా కుటుంబాలకు తెరుచుకుంటుంది. బ్యాటరీ ఎక్కుడులో త్వరగా అయిపోతుంది కాబట్టి మధ్యాహ్న భోజనం దగ్గర ఛార్జింగ్ పెట్టుకోండి.

పేరున్న కొండ ఒకటి ఎక్కాలని కోరిక ఉంటే సో పట్టణం. లుబెరోన్ ఊళ్లలో కంటే అక్కడ ఉండటమే నయం. వేసవిలో తప్ప సెలవు దొరకనివాళ్లకు, ఎండకు తట్టుకోలేనివాళ్లకు కాంటాల్ లేదా మోర్వాన్. శాకాహారం విషయంలో రాజీ పడనివాళ్లకు లుబెరోన్, లేదా ఎక్కడైనా వంటగది ఉన్న ఇల్లు.

## అన్ని చోట్లా పనికొచ్చేవి

ఇండియాలో తొక్కేవాళ్లకు కుడిచెయ్యి బ్రేకు ముందు చక్రానిది. ఫ్రాన్స్ అద్దె సైకిళ్లకు మామూలుగా ఎడమచెయ్యి ముందు చక్రానిది. దిగుడులో భయపడి అలవాటైన చెయ్యి నొక్కితే సైకిల్ అనుకున్నట్టు ఆగదు, లేదా బోల్తా కొడుతుంది. దుకాణంలోనే మార్పించుకోండి. హైడ్రాలిక్ బ్రేకులైతే గొట్టాలు విప్పాలి కాబట్టి ముందే ఈమెయిల్‌లో అడగాలి. కుదరదంటే మొదటి రోజు సమదారిలోనే తొక్కి చేతికి అలవాటు చేయండి.

రోడ్డుకు కుడిపక్కన వెళ్లాలి. పల్లెల్లో గుర్తు ఏదీ లేని కూడలిలో కుడివైపు నుంచి వచ్చే బండికే ముందు హక్కు, అది ఎంత చిన్న సందైనా సరే. పసుపు వజ్రం గుర్తు ఉన్న రోడ్డు మీద హక్కు మనది. చెవిలో ఇయర్‌ఫోన్లు నిషేధం. ఊరి బయట రాత్రి, పొగమంచు ఉన్నప్పుడు మెరిసే జాకెట్ తప్పనిసరి. 12 ఏళ్ల లోపు పిల్లలకు హెల్మెట్ చట్టప్రకారం ఉండాలి.

టైర్లు 28 మిల్లీమీటర్లకు తగ్గొద్దు, కెర్సీ తెల్లరోడ్లకు 32 ఇంకా నయం. 75 కిలోల మనిషికి 28 టైరులో 5 బార్, 32లో 4 బార్ గాలి చాలు. వేసవిలో రోడ్ల మీద తారు పోసి పైన సన్నకంకర చల్లుతారు, ‘గ్రావియోన్’ అని బోర్డు పెడతారు. కొత్తగా చల్లిన కంకర మలుపుల బయటి అంచున పోగుపడుతుంది. మలుపులోకి దూరకముందే వేగం తగ్గించి, మలుపులో బ్రేకు ముట్టుకోకుండా, కార్ల చక్రాలు నలిపిన గాడిలోనే పోనివ్వండి.

సొంత సైకిల్ విమానంలో తెస్తే వెనక గేరు తగిలించే హ్యాంగర్ వంగడం తరచూ జరిగేది. ప్రతి మోడల్‌కూ అది వేరు, పల్లె దుకాణాల్లో దొరకదు. ఒకటి అదనంగా పెట్టుకోండి. రెండు ట్యూబులు, చెయిన్ జోడించే లింకు, పంపు సరే సరి.

టీజీవీలో సైకిల్‌ను చక్రాలు విప్పి 130×90 సెంటీమీటర్ల సంచిలో పెట్టుకుంటే సామానుగా పోతుంది. పారిస్ ఓస్తెర్లిట్జ్ నుంచి బ్రీవ్, కవోర్ వెళ్లే ఆంతెర్సితే అనే దూరపు రైళ్లలో విప్పకుండానే ఎక్కించొచ్చు. సైకిల్‌కు వేరే రిజర్వేషన్ కావాలి, 10 యూరోలు. ఆ చోట్లు కొద్దిగానే ఉంటాయి కనుక మనిషి టికెట్ కంటే ముందు సైకిల్ చోటు ఉందో లేదో చూడండి. టీఈఆర్ రైళ్లలో చాలాచోట్ల ఉచితం, కొన్ని ప్రాంతాల్లో వేసవికి రిజర్వేషన్ అడుగుతారు.

గది వెతికేటప్పుడు ‘అక్యీ వెలో’ గుర్తు ఉన్నది చూడండి. సైకిల్‌కు తాళం వేసే గది, రిపేరు సామాను ఉంటాయి. భోజనం పన్నెండు నుంచి రెండింటి మధ్యనే పెడతారు. రెండుంపావుకు చేరితే వంటగది మూసేసి ఉంటుంది. దుకాణాలు మధ్యాహ్నం మూస్తారు, ఆదివారం సాయంత్రం, చాలా ఊళ్లలో సోమవారం కూడా తెరవరు. నీళ్లు అయిపోతే ఊరి శ్మశానానికి వెళ్లండి. పూలకు పోయడానికి గేటు దగ్గరో లోపలి గోడ పక్కనో కుళాయి ఉంటుంది. ‘నోన్ పోతాబ్ల్’ అని రాసి ఉంటే మాత్రం తాగకండి.